ఇరవైసార్లు రాసినా నిలవని మాట

పల్నాడు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. పేరూ ఊరూ వేయొద్దన్నారు కాబట్టి ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెది పదకొండేళ్ల సర్వీసు. తాను పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు మీడియంలో చెబుతున్నారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. “ఆ రెండు పేజీల్లో ఏదీ మా పిల్లల ఇంటి భాష కాదండీ” అని రాశారు. పాఠం మొదలెట్టే ముందు అందులోని పన్నెండు కొత్త మాటలు బోర్డు మీద రాస్తారు. ఒక్కొక్కటీ అర్థంతో సహా ఇరవైసార్లు ఇంపోజిషన్. మర్నాడు స్లిప్ టెస్టు పెడితే తరగతిలో ఎక్కువమంది తప్పుల్లేకుండా రాస్తారు. నెల పోయాక అవే మాటలు అడిగితే ఎప్పుడూ విననట్టు చూస్తారు.

ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి. బడి చూడ్డానికి వచ్చిన అధికారి తొమ్మిదో తరగతి అబ్బాయిని లేపి ‘ఆస్మాసిస్’ (సన్నని పొర గుండా నీళ్లు ఉప్పులాంటిది ఎక్కువున్న వైపుకి వెళ్లడం) అంటే ఏమిటని అడిగారు. వాడు కామా కూడా పోకుండా ఒప్పజెప్పాడు. “బాగుంది. ఇలాంటిది మీ ఇంట్లో ఎక్కడైనా చూశావా?” అన్నారాయన. వాడు “లేదు సార్” అని తల దించుకున్నాడు. ఆ ముందు వారమే వాడు రెండు రోజులు బడి మానేశాడు. ఎందుకు రాలేదంటే, టమాటా నిల్వ పచ్చడికి ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి, జాడీకెత్తడంలో వాళ్లమ్మకి సాయం చేశానని వాడే చెప్పాడు. మూడో రోజుకి ముక్కలు మునిగేంత ఊట వచ్చిందని కూడా చెప్పాడు.

మర్నాడు మేడం గారు కాకరకాయలూ ఉప్పూ పట్టుకుని తరగతికి వెళ్లారు. పిల్లలు సంబరపడ్డారు, గోల చేశారు. స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారు “సైన్సు మేడం వంటల క్లాసు మొదలెట్టారు” అన్నారట. హెచ్‌ఎం గారు మెల్లగా “సిలబస్ సంగతి చూసుకోండమ్మా” అన్నారు. ఒక తండ్రి వచ్చి “మావాణ్ని ఇంగ్లీషు మీడియంలో వేసింది తెలుగులో కాకరకాయ కబుర్లు వినడానికా?” అని అడిగి వెళ్లాడు. ఇవి చాలవన్నట్టు, ప్రైవేటు బడి నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఈమె ‘క్సైలం’ (మొక్కలో నీళ్లు మోసే కణజాలం) అనగానే నవ్వాపుకోలేకపోయింది.

అడిగినవి మూడు: ఇంపోజిషన్ మానేయాలా? తెలుగు మాట చెప్పాలా, ఇంగ్లీషు మాట చెప్పాలా? ఇవన్నీ చేస్తూ కూర్చుంటే పాఠాలు ఎప్పుడవుతాయి? చివర సన్నక్షరాల్లో ఇంకొకటి: “ఈసారి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే నయమా?”

*

మేడం గారూ,

ముందు ఆ అబ్బాయి గురించి. వాడు “లేదు సార్” అన్నది అబద్ధం కాదు, భయంతో అన్నదీ కాదు. వాడు ఇంట్లో చూసింది ఊట. బళ్లో చదివింది ఆస్మాసిస్. ఈ రెండిటికీ చుట్టరికం ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. మీకది పరువు పోయిన రోజుగా గుర్తుండిపోయినట్టుంది. నాకు మాత్రం ఆ అధికారి మీకు మంచి ప్రశ్న ఒకటి ఊరికే ఇచ్చి వెళ్లారనిపించింది.

ఇక ఇంపోజిషన్. మీరు మళ్లీ మళ్లీ చదివిస్తున్నానని అనుకుంటున్నారు, జరుగుతున్నది నకలు. పన్నెండు మాటలు ఇరవైసార్లంటే 240 సార్లు రాయడం, అదీ ఒక్క రాత్రిలో. నాలుగోసారి దాటాక పిల్లలు ఏం చేస్తారో మనకి తెలియనిదా, మనమూ అదే చేశాం కదా. పేజీ పొడుగునా నిలువుగా ముందు ‘ఓ’ అక్షరాలన్నీ దించేస్తారు, తర్వాత వాటి పక్కన ‘ఎస్’లన్నీ. ఆస్మాసిస్ అనే మాట ఆ కాగితం మీద పూర్తయ్యేది ఏడో వరస అయ్యాకే. మనసు టీవీ మీద ఉంటుంది, చెయ్యి పని చేసుకుపోతుంది.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు జ్ఞాపకం మీద తన ప్రయోగాల్ని 1885లో ప్రచురించాడు. ప్రయోగం తన మీదే. అర్థం లేని అక్షరాల గుంపుల్ని వరసలుగా బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టుకున్నాడు. తేలింది ఏమిటంటే, మరుపు మొదటి కొన్ని గంటల్లో జోరుగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒకేరోజు కూర్చుని చాలాసార్లు చదవడం కన్నా, అంతకంటే తక్కువసార్లు రోజుల తరబడి విడదీసి చదివితే బాగా నిలుస్తుంది. ఆయన కావాలనే అర్థం లేని అక్షరాలు ఎంచుకున్నాడు. మన తొమ్మిదో తరగతికి ‘ద్రవాభిసరణం’ (ఆస్మాసిస్‌కి ఎదురు పేజీలో ఉన్న తెలుగు) వాళ్లు ఎంచుకోకుండానే వచ్చిపడిన అర్థం లేని అక్షరాలు. తేడా అంతే.

అయితే మర్నాటి స్లిప్ టెస్టులో అంతమంది ఎలా రాస్తున్నారంటారా? దానికి జవాబు 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగంలో ఉంది. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు. కొందరిచేత కాగితం మూసేసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు: చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ నిలిచింది. దగ్గర్లో పెట్టిన పరీక్ష మనల్ని మురిపిస్తుంది. మీ స్లిప్ టెస్టు కొలుస్తున్నది రాత్రి రాసిన తడి ఆరకపోవడాన్ని.

కాబట్టి మీ ముందున్న దారుల్లో మొదటిది, ఇంపోజిషన్ ఇలాగే కొనసాగించడం. దాన్ని తీసిపారేయను. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది, నోటుపుస్తకం నిండుతుంది, తల్లిదండ్రులకు ‘మేడం పని ఇస్తోంది’ అన్న తృప్తి. స్పెల్లింగు కూడా కొంత కుదురుతుంది. నెల తర్వాత ఖాళీ మొహాలు మాత్రం ఖాయం. పైగా రాయనివాడిని ఏం చేయాలన్న తలనొప్పి రోజూ మీ నెత్తిన. మధ్యేమార్గంగా ఇరవైని మూడుకి దించండి. మూడోసారి పుస్తకం మూసి రాయాలని షరతు పెట్టండి. ఈ ఒక్క మార్పుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ గమనించరు కూడా.

రెండోది, పీరియడు మొదట్లో అయిదు నిమిషాలు పాత మాటలకు కేటాయించడం. కొత్తవాటికి కాదు, పాతవాటికే. పాత శుభలేఖల్ని ముక్కలు చేసి, వెనకవైపు ఒక్కో దానిమీద ఒక్కో మాట రాయించండి. మూడు ఖాళీ చాక్‌పీసు డబ్బాలు తీసుకోండి. కొత్త చీటీలన్నీ మొదటి డబ్బాలో, వాటిలోంచి రోజూ కొన్ని తీసి అడుగుతారు. తరగతికి వచ్చేసిందనిపించిన చీటీ రెండో డబ్బాకి వెళ్తుంది, దాన్ని వారానికోసారి తెరుస్తారు. అక్కడా నెగ్గితే మూడోదానికి, నెలకోసారి. ఎక్కడ తడబడినా చీటీ మళ్లీ మొదటి డబ్బాకే. ఇది నా కనిపెట్టుడు కాదు, లైట్నర్ అనే జర్మన్ విజ్ఞాన రచయిత 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. చాక్‌పీసు డబ్బాలూ శుభలేఖలూ మాత్రం నావి. పిల్లలకి ఇది వైకుంఠపాళీలా తోస్తుంది, పైకెక్కిన చీటీ పాము మింగి కిందకి జారితే గొల్లుమంటారు.

అడిగే తీరు కూడా రోజూ ఒకేలా ఉండకూడదు. ఒకరోజు మాట చెప్పి అర్థం అడగండి, మరోరోజు అర్థం చెప్పి మాట. ఇంకోరోజు రెండు చీటీలు తీసి “ఈ రెండూ కలిపి ఒక వాక్యం చెప్పండ్రా” అనండి. ‘వేరు’, ‘ఆస్మాసిస్’ కలిపి ఒక పిల్ల వాక్యం కట్టిందంటే, నిర్వచనం ఒప్పజెప్పిన పదిమంది కన్నా ఆ పిల్లకే ఎక్కువ తెలిసినట్టు. ఒక్కరిని లేపి నిలబెట్టే బదులు అందరిచేతా చిత్తుకాగితం మీద రాయించి, తర్వాత జవాబు చెప్పండి. తప్పు రాసినా పరవాలేదు, మార్కుల్లేవు. గుర్తు తెచ్చుకోవడానికి పడిన ఆ అర నిమిషం తంటాయే పని చేస్తుంది.

ఇందులో వచ్చే ఇబ్బంది ముందే చెప్పాలి. మొదటి రెండు వారాలూ తరగతి చేపల మార్కెట్‌లా ఉంటుంది, లేదా శవంలేచిన ఇంట్లా ఉంటుంది. స్లిప్ టెస్టు మార్కులు తగ్గినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే నిన్నటివి కాక నెలనాటివి అడుగుతున్నారు. ఇదేదో బెడిసికొట్టిందని మీరు మూడోవారంలో మానేసే ప్రమాదం ఉంది. నేను మొదటిసారి అప్పుడే మానేశాను. మళ్లీ మొదలెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మిరప కోతల రోజుల్లో సగం బల్లలు ఖాళీ అని రాశారు. ఇంపోజిషన్‌కి ఆ పిల్లలు మొత్తంగా దూరం: ఇచ్చిన రోజు లేరు, అయిపోయింది. డబ్బా పద్ధతి వాళ్లను వదిలిపెట్టదు. పది రోజుల తర్వాత వచ్చినా ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క కారణానికైనా మీ ఊరికి రెండోదారి నప్పుతుందని నా అభిప్రాయం.

ఇక కాకరకాయ దగ్గరికి వద్దాం. మీరు చేసింది తప్పు కాదు. కాకపోతే కాకరకాయ తెచ్చారు గానీ మాట తేలేదు. ముక్కల్లోంచి నీళ్లు కారాయి, పిల్లలు చూశారు, గోల చేశారు, గంట కొట్టారు. ఆ నీళ్లు కారుతున్న నిమిషంలో ‘ఆస్మాసిస్’ అని ఎన్నిసార్లు అన్నారు? వాళ్లచేత ఎన్నిసార్లు అనిపించారు? ఉత్తరంలో ఆ ఊసే లేదు. వస్తువు వస్తువుగా, మాట మాటగా ఉండిపోతే చుట్టరికం కలవదు. అసలు వస్తువు తరగతికి తేవక్కర్లేదు కూడా. వాళ్లు చూసి వచ్చినదాన్ని వాళ్లచేతే చెప్పించి, చెబుతుండగా మీ మాటని అందులో దూర్చాలి. “ఊట ఎక్కణ్నుంచి వచ్చింది? ముక్కలోంచి. ఎందుకు బయటికొచ్చింది? బయట ఉప్పెక్కువ, నీళ్లు తక్కువ. కణం చుట్టూ ఉన్న పొర నీళ్లని పోనిస్తుంది. దీనికి మీ పుస్తకం పెట్టిన పేరేంటి?” ఇది రెండు నిమిషాల పని. దీనికి వంటల క్లాసని పేరు పెట్టడం లెక్కల మాస్టారి తరం కూడా కాదు.

మాటని విప్పి చూపించడం కూడా ఇంటి సామాను తేవడం లాంటిదే. ‘ఫోటోసింథసిస్’ తీసుకోండి. ఫోటో అంటే వెలుతురు, స్టూడియోలో ఫోటో తీసేదీ వెలుతురుతోనే. సింథసిస్ అంటే వేరువేరువాటిని కలిపి కొత్తది చేయడం. “ఇది పట్టు కాదే, సింథటిక్” అని వాళ్లమ్మ చీర కొనేటప్పుడు అంటుందే, అదే మాట. ఎదురు పేజీలో కిరణజన్య సంయోగక్రియ కూడా సరిగ్గా అదే చెబుతోంది: కిరణాలతో పుట్టే కలయిక పని. ‘టిష్యూ’ అంటే అసలు అర్థం నేసినది. టిష్యూ చీర చూడని ఆడపిల్ల మీ తరగతిలో ఉండదు. తెలుగులో కణజాలం, జాలమంటే వల, అదీ అల్లికే. ఇలా రెండు పేజీలూ ఒకే బొమ్మ చూపిస్తున్నప్పుడు పిల్లల కళ్లు వెలిగిపోతాయి. ‘ట్రాన్స్’ అంటే ఇవతల నుంచి అవతలకి. ట్రాన్స్‌పోర్టు లారీ, ట్రాన్స్‌పిరేషన్ (ఆకుల్లోంచి నీరు ఆవిరై పోవడం), మీరు చివర్లో సన్నక్షరాల్లో రాసిన ట్రాన్స్‌ఫర్, అన్నీ ఆ ఇంటి పిల్లలే.

పక్కింటి ఫిజిక్సులో కుంభాకారం, పుటాకారం ఉన్నాయి. ఏది ఉబ్బు, ఏది గుంట అని పిల్లలు ఏళ్ల తరబడి కొట్టుకుంటారు. కుంభం అంటే కడవ, ఉబ్బు. పుటం అంటే ఆకు మడిచిన దొన్నె, గుంట. ఒక్కసారి చెబితే జన్మలో మర్చిపోరు. ద్రవాభిసరణంలోని అభిసరణానికి ఎదురు వెళ్లడం అనే అర్థం ఉంది, అభిసారికలో ఉన్నది కూడా అదే ధాతువు. ఇది మీకోసం చెబుతున్నాను, తొమ్మిదో తరగతిలో మాత్రం చెప్పకండి.

అన్ని మాటలూ ఇలా లొంగవు. వెతికి వెతికి తెచ్చిన పోలిక అసలు మాట కన్నా కష్టంగా ఉంటే వదిలేయండి, ఆ మాటకి డబ్బాయే గతి.

ఇంటి చుట్టరికంలో ఒక గోతి ఉంది, నేను అందులో పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఓసారి ఎనిమిదో తరగతిలో ‘పని’ గురించి చెబుతున్నాను. బలం ప్రయోగిస్తే వస్తువు కదలాలి, కదలకపోతే భౌతికశాస్త్రం లెక్కలో పని సున్నా అన్నాను. ముందు బల్ల మీది అమ్మాయి లేచి “మా అమ్మ కావిడంత గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బస్సు కోసం గంట నిలబడుద్ది. అది పని కాదా సార్?” అంది. “కాదు, కూర్చో” అన్నాను. తరగతి నవ్వింది. ఆ పిల్ల ఏడాదంతా నన్ను మళ్లీ ప్రశ్న అడగలేదు. చెప్పాల్సింది వేరే: ఇంట్లో పని అనే మాటకి కష్టం అని అర్థం, పుస్తకం అదే మాటని అరువు తీసుకుని వేరే కొలతకి వాడుతోంది. మోపు కదల్లేదు కాబట్టి మోపు మీద జరిగిన పని సున్నా, కానీ మీ అమ్మ కండరాలు శక్తి ఖర్చు చేస్తూనే ఉన్నాయి, అందుకే అలిసిపోతుంది. రెండు పనులూ నిజమే. ఇంత చెప్పడానికి నాకప్పుడు బుర్ర రాలేదు.

మీ సబ్జెక్టులో ఇలాంటి గోతులు ఇంకా ఎక్కువ. మీ ఊళ్లో యూరియాని ‘బలం మందు’ అంటారు, మొక్కకి తిండి పెట్టామంటారు. అదే పిల్లవాడికి మీరు మొక్క తన ఆహారం తనే ఆకులో తయారుచేసుకుంటుందని చెబుతారు. వాడు పరీక్షలో మీ మాట రాస్తాడు, పొలంలో నాన్న మాట నమ్ముతాడు. రెండూ వాడి తలలో పక్కపక్కనే పడుకుంటాయి, ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఇక్కడ మీరు ఇంటి మాటని తెచ్చి, దాని పక్కన గీత గీసి, “ఇక్కడిదాకా మీ నాన్న కరెక్టు, ఎరువులో మొక్కకి కావలసిన పోషకాలున్నాయి. శక్తినిచ్చే ఆహారం మాత్రం ఎండలో ఆకు చేసుకోవాల్సిందే” అని విడదీయాలి. ‘రెస్పిరేషన్’ అంటే ఊపిరి తీయడమే అనుకుంటారు. అది ప్రతి కణంలోనూ, మొక్కలో పగలూ రాత్రీ కూడా జరుగుతుందని చెప్పకపోతే ఇంటి పోలిక మేలు కన్నా కీడే చేస్తుంది. టమాటా జాడీ కూడా అంతే. ఉప్పులో నానీ నానీ కణాలు చచ్చాక ఆ పొరల కట్టడి ఉండదు, అప్పుడు ఉప్పు కూడా లోపలికి పోతుంది, కనుకనే ముక్క ఉప్పగా ఉంటుంది. పోలిక ఎంతవరకు నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా పాఠమే. చురుకైన పిల్లలకి ఆ ఆగిపోయే చోటే ఎక్కువ నచ్చుతుంది.

తెలుగా, ఇంగ్లీషా అన్న ప్రశ్న మీరు వేసిన తీరులోనే చిక్కుంది. మీ తరగతిలో భాషలు రెండు కాదు, మూడు. ఇంటి తెలుగు, పుస్తకం తెలుగు, ఇంగ్లీషు. పుస్తకం తెలుగుకి పెద్ద చరిత్ర ఉంది. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచీ శాస్త్రాన్ని తెలుగులోకి తేవడానికి పెద్దలు చాలా శ్రమపడ్డారు, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలే వేసింది. ఆ శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ మాటల్లో చాలావరకు సంస్కృతం నుంచి కట్టినవి. ‘బాష్పోత్సేకం’ మీ పిల్లవాడికి ‘ట్రాన్స్‌పిరేషన్’ ఎంత దూరమో అంతే దూరం, బహుశా ఇంకో మైలు ఎక్కువే.

ఇంగ్లీషు మాటతోనే నడిపితే హెచ్‌ఎం గారికీ, ఆ తండ్రికీ ఊరట, పరీక్షలో రాయాల్సిందీ అదే. కాకపోతే ఆ అబ్బాయి లాంటివాళ్లు ఇంకో పదిమంది తయారవుతారు. పుస్తకం తెలుగుతోనే నడిపితే మీకు సుఖం, మీరు చదివింది అందులోనే కాబట్టి. పిల్లలకి మాత్రం ఒక్కో సంగతికి రెండు బట్టీలు. నేనైతే ఇంటి తెలుగులో మొదలుపెట్టి, సంగతి కళ్లకి కట్టాక ఇంగ్లీషు మాట ఇస్తాను. పుస్తకం తెలుగు మాట విప్పితే బొమ్మ కనిపించేదైతేనే తీసుకుంటాను. కణజాలం తీసుకుంటాను, పత్రహరితం తీసుకుంటాను. బాష్పోత్సేకాన్ని ఎదురు పేజీలోనే ఉండనిస్తాను. తెలుగు మీడియం అభిమానులు నామీద కోప్పడవచ్చు. కోప్పడనివ్వండి.

దీనికో ధర ఉంది. ఇంటి తెలుగులో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం చాలా తేలిక. తరగతి హాయిగా సాగుతుంది, అందరికీ అర్థమైపోతుంది, గంట కొట్టేస్తారు, ఇంగ్లీషు మాట బయటికి రాకుండానే. ఆ తండ్రి భయం అదే, ఆ భయం ఉత్తది కాదు. ఆయన్ని ఈసారి తరగతి బయట నిలబెట్టి మాట్లాడకండి, లోపలికి పిలవండి. కొడుకు చేత ఒక చీటీ తీయించండి. వాడు ఆ మాట ఇంగ్లీషులో చెప్పి, అదేమిటో నాన్నకి తెలుగులో వివరిస్తే ఆయనకి ఇంక చెప్పాల్సిన పని ఉండదు. వాడు చెప్పలేకపోతే? అప్పుడు ఆయన ఫిర్యాదులో నిజముంది, వినండి.

సిలబస్ లెక్క హెచ్‌ఎం గారికి ఇలా చెప్పి చూడండి. రోజుకి అయిదు నిమిషాలంటే వారానికి అరగంట పోతుంది. స్లిప్ టెస్టులు దిద్దడానికీ, ఇంపోజిషన్ రాయనివాళ్లని నిలబెట్టి విచారించడానికీ వారానికి ఇప్పుడు ఎంత పోతోందో మీరే గడియారం పెట్టి చూసుకుని ఆ కాగితం తీసుకెళ్లండి. ఇంకొకటి, పాఠానికి పన్నెండు మాటలు అక్కర్లేదు. మళ్లీ మళ్లీ వేరే పాఠాల్లో తగిలే మాటలు నాలుగైదు ఉంటాయి, డబ్బాలోకి అవే వెళ్లాలి. ఆస్మాసిస్ చూడండి: మూలకేశాలు నీళ్లు పీల్చేటప్పుడు వస్తుంది, పత్రరంధ్రాల పక్కన రక్షక కణాలు ఉబ్బేటప్పుడు వస్తుంది. ఆ ఒక్కటీ గట్టిగా వస్తే తర్వాత వచ్చే పాఠాల్లో మీ నోటికి పని అంత తగ్గుతుంది. పుస్తకం చివర ఒక్కసారి కనబడి మాయమయ్యే పేర్లని పరీక్ష ముందు చూసుకుంటే చాలు.

లెక్కల మాస్టారిని వదిలేయండి. లేదా ఆయన చేతే ఒక చీటీ తీయించండి.

‘క్సైలం’ సంగతికి మీరు అంత కుంగిపోవడం నాకు బాధగా ఉంది. ఆ మాట జైలెం. రాసేది ‘ఎక్స్’తో, పలికేది ‘జ’తో. ఇది మీ చదువులో లోటు కాదు, ఇంగ్లీషు చేసే అల్లరి. నవ్విన అమ్మాయితో మీకు రెండు దారులున్నాయి. వినిపించుకోనట్టు ఊరుకోవచ్చు, అప్పుడు ప్రతి పాఠంలోనూ ఆ పిల్ల మొహం చూస్తూ మాట్లాడాల్సి వస్తుంది. లేదా కొత్త పాఠం ముందురోజు ఫోన్‌లో నిఘంటువు తెరిచి నాలుగు మాటల ఉచ్చారణ తరగతికి వినిపించే పని ఆ అమ్మాయికే అప్పజెప్పవచ్చు. “నాకూ కొన్ని కొత్తే, అందరం కలిసి విందాం” అనండి. దానివల్ల గౌరవం పోతుందేమోనన్న జంకు సహజమే. ఒకరిద్దరు మగపిల్లలు నాలుగు రోజులు వెనక బెంచీలో ‘క్సైలం’ అని గుసగుసలాడతారు కూడా. అయిదో రోజుకి వాళ్లకి ఇంకేదో దొరుకుతుంది.

ట్రాన్స్‌ఫర్ గురించి: ఇంటి కారణాలుంటే పెట్టుకోండి, అది మీ ఇష్టం, నేను కాదనను. ఈ కారణానికైతే, మీరు వెళ్లే ఊళ్లో కూడా ఆ రెండు పేజీల పుస్తకమే ఉంటుంది. ఊటని వేరే ఏదో పేరుతో పిలుస్తారు, అంతే. ఇక్కడైతే పిల్లల ఇళ్లు, పొలాలు, కళ్లాలు మీకు పదకొండేళ్లుగా తెలుసు. కొత్త ఊళ్లో వాటిని మొదటినుంచి పోగుచేసుకోవాలి.

ఆ అబ్బాయి దగ్గర ఇంకో పని మిగిలిపోయింది. నిర్వచనం అడగకండి, వాడికి వచ్చు. మీ ఊళ్లో ఎవరి చేలోనో మొదలు దగ్గర యూరియా ఎక్కువ పడి మిరప మొక్క మాడిపోవడం వాడు చూసే ఉంటాడు. “మీ అమ్మ టమాటా జాడీకీ, మాడిన మిరప మొక్కకీ ఏంట్రా చుట్టరికం?” అని అడిగి, వాడు ఆలోచించుకునేదాకా ఆగండి. వెంటనే చెప్పకపోతే మీరు చెప్పేయకండి. చీటీ మీద ఆ ప్రశ్న రాసి మొదటి డబ్బాలో వేయండి, మళ్లీ వాడి చేతికే వచ్చేలా చూడండి.